రెండు పేర్ల ఊళ్లు

ఒడియాలో ‘తళ’ అంటే కింద. తెలుగువాడి చెవికి తల ఎప్పుడూ పైనుండేదే. సాలూరు కొండల మీద ఒక ఊరు ఒడిశా కాగితాల్లో తళగంజాయిపదర్, ఆంధ్ర కాగితాల్లో గంజాయిభద్ర. పదర్ అంటే కొరాపుట్ వైపు కొండమీది మైదానపు చెక్క. మన గుమస్తా ఎవరో దాన్ని తన చెవికి ఎక్కినట్టు ‘భద్ర’ చేశాడు. ఫటుసెనేరి పట్టుచెన్నూరైంది, ఫగుణసెనేరి పగులుచెన్నూరైంది. ఊరొకటే, ఇళ్లవే, మనుషులు వాళ్లే. పేరును బట్టి ఏ రాష్ట్రపు జీపు వచ్చిందో చెప్పేయవచ్చు.

కొటియా గ్రామాలని పత్రికలు రాసే 21 ఊళ్ల సంగతి ఇది. ఒకవైపు నుంచి చూస్తే పార్వతీపురం మన్యం జిల్లా సాలూరు మండలం, ఇంకోవైపు నుంచి చూస్తే కొరాపుట్ జిల్లా పొట్టంగి సమితి. ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవమాలి శిఖరం ఆ కొండల వరసలోదే. సాలూరు నుంచి కురుకూటి, నేరెళ్లవలస మీదుగా ఎక్కితే కొండలు ఒకదాని వెనక ఒకటి లేస్తాయి. కొండవాలంతా చోడి, సామ, కంది. ఇళ్ల వెనక అల్లం, పసుపు మళ్లు. కొండదొరలు, జాతాపులు, కోదులు, పొరజలు, గదబలు ఉండే ప్రాంతం. ఎక్కడ ఆంధ్ర అయిపోయి ఎక్కడ ఒడిశా మొదలైందో నేల చెప్పదు. రోడ్డు మాత్రం చెబుతుంది: తారు రంగు మారుతుంది, బోర్డు మీద లిపి మారుతుంది, కాసేపటికి మళ్లీ మొదటి లిపే కనిపిస్తుంది.

ఆమధ్య ఆ దారిలో వెళ్లినప్పుడు ఒక ఇంటి అరుగు మీద చాలాసేపు కూర్చున్నాను. ఇంటి పెద్దావిడ లోపలినుంచి రేకుపెట్టె తెచ్చి నా ముందు మూత తీసింది. పాలిథిన్ కవరులో రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు గుర్తింపు కార్డులు, ఒక పింఛను పుస్తకం, ఒక బ్యాంకు పాస్‌బుక్, ఒకే ఒక ఆధార్. రెండు ఓటరు కార్డుల్లో ఆవిడ పేరు ఒకేలా లేదు. వయసులో నాలుగేళ్ల తేడా. భర్త పేరు ఒకదానిలో ఇంటిపేరుతో ఉంది, రెండోదానిలో కులం పేరే ఇంటిపేరయి కూర్చుంది. “ఆలొచ్చినప్పుడు ఈ కార్డు దాచేస్తాం. ఈలొచ్చినప్పుడు ఆ కార్డు దాచేస్తాం. దాచడానికి పెట్టొకటే కదేటి బాబూ” అంది. ‘బాబూ’ అనే ఆ పిలుపు మాత్రం రెండువైపులా చెల్లుతుంది. వచ్చిన అధికారి తెలుగువాడైనా ఒడియావాడైనా ఆవిడకు మార్చాల్సిన పని లేదు.

మైదానంలో ఈ మాట చెబితే వినేవాళ్లకు ముందు నవ్వొస్తుంది. ‘రెండు చేతులా తింటున్నారు’ అంటారు. సాలూరులో ఒక చదువుకున్న పెద్దమనిషే నాతో అన్నాడు. ఆయన ఆ రేకుపెట్టె చూడలేదు. రెండు ప్రభుత్వాలు ఇస్తున్నవాటిని కూడితే బియ్యం పెరిగిన మాట నిజమే. పెరగనిది ఒకటుంది. తాను దున్నే నేల తనదేనని ఎదురులేకుండా చెప్పే కాగితం ఆ పెట్టెలో ఎంత వెతికినా దొరకలేదు.

ఈ చిక్కు ఎక్కడ పడిందో చూడాలంటే 1936కు వెళ్లాలి. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది. అప్పటిదాకా జయపురం సంస్థానమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. ఒడొనెల్ కమిటీ సిఫారసుల మీద జయపురాన్ని అటు కలిపి కొరాపుట్ జిల్లా చేశారు. సాలూరు, పాచిపెంట జమీందారీలు ఇటు మిగిలాయి. పర్లాకిమిడి అటు పోయిందన్న బాధతో గిడుగు రామమూర్తి పంతులు ఊరే వదిలేసి రాజమహేంద్రవరం చేరుకున్నాడు. ఆ కథ మనకు తెలుసు. ఎందుకంటే అక్కడ రాయగలవాడు, వాదించగలవాడు ఉన్నాడు. కొటియా కొండల మీద అలాంటివాడు లేడు. జమీందారీల కాలంలో కొండల్లో సరిహద్దు అంటే గీత కాదు. ఏ ముఠాదారు ఎవరికి కట్టుబడి చెల్లిస్తాడో అదే సరిహద్దు. ఆ లెక్కను పటం మీద గీతగా మార్చేటప్పుడు ఈ ఊళ్లను ఎవరూ గొలుసు పట్టి కొలవలేదు. సర్వే లేదు కనుక రెండువైపులా రికార్డులూ తమవే నిజమంటాయి.

అప్పటి జనానికి ఈ విడదీత ఎంత కృత్రిమంగా తోచి ఉంటుందో జయపురం రాజునే చూస్తే తెలుస్తుంది. విక్రమదేవ వర్మ ఒడియాలోనూ తెలుగులోనూ కవి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన దాత. విశాఖపట్నంలో ఆ విశ్వవిద్యాలయపు సైన్సు కళాశాల ఆయన పేరునే పెట్టుకుంది. ఆయన సంస్థానం ఒక రాష్ట్రానికి పోయింది, ఆయన డబ్బుతో చదువుకున్నవాళ్లు ఇంకో రాష్ట్రంలో పెరిగారు.

తరవాతి కథ కోర్టుది. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ డిసెంబరులో యథాతథ స్థితి కొనసాగించమని కోర్టు చెప్పింది. 2006 మార్చిలో ఆ దావా విచారణార్హం కాదని సాంకేతిక కారణాలతో కొట్టేసింది. రాష్ట్రాల హద్దులు మార్చే అధికారం రాజ్యాంగం మూడో అధికరణ కింద పార్లమెంటుది. పార్లమెంటు ఈ 21 ఊళ్ల వైపు తలతిప్పి చూడలేదు. 38 ఏళ్ల దావాలో గెలుపూ లేదు, ఓటమీ లేదు, మిగిలింది ‘యథాతథం’ ఒక్కటే. ఆ మాట కోర్టు భాషలో మర్యాదైనది. కొండ మీద దానికి అర్థం: రోడ్డు వేస్తే ఎదుటి రాష్ట్రం అభ్యంతరం, వేయకపోతే డోలీ.

2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ మొదట పేర్లు చెప్పిన ఆ మూడు పంచాయతీలకూ ఎన్నికలు పెట్టింది. ఒడిశా కోర్టు ధిక్కార పిటిషన్ వేసింది. దారులకు అడ్డుకట్టలు లేచాయి, రెండు రాష్ట్రాల అధికారులు జనం ముందే వాదులాడుకున్నారు. అదే ఏడాది నవంబరు 9న భువనేశ్వర్‌లో ఇద్దరు ముఖ్యమంత్రులు కూర్చుని, ప్రధాన కార్యదర్శులతో కమిటీ వేద్దామనుకున్నారు. అప్పట్లో అందరం మెచ్చుకున్నాం. ఇద్దరూ ఇప్పుడు అధికారంలో లేరు, కొండ మీద హద్దు మాత్రం ఆనాడు ఎక్కడుందో ఇవాళా అక్కడే ఉంది. ఈ పదేళ్లలో ఒడిశా రోడ్లకీ బడులకీ బాగానే ఖర్చు చేసింది. ఆ మాట ఒప్పుకోవడానికి మనం మొహమాటపడనక్కర్లేదు. వివాదమే లేకపోతే ఆ తారు పడేదా అన్నది వేరే ప్రశ్న. గొడవలో ఉన్న ఊరికి రోడ్డు పడింది. ఏ గొడవా లేని పక్క కొండ ఊళ్లు ఇప్పటికీ డోలీ మోస్తున్నాయి.

ఎన్నికల సంగతి ఇంకా విచిత్రం. 2014లో కొరాపుట్‌లో పోలింగు ఏప్రిల్ 10న, సాలూరులో మే 7న జరిగింది. 2019లో రెండుచోట్లా ఏప్రిల్ 11నే. 2024లోనూ రెండుచోట్లా మే 13నే. కొటియావాసులు ఒక లెక్కలో పొట్టంగి అసెంబ్లీ, కొరాపుట్ లోక్‌సభ స్థానాల ఓటర్లు. ఇంకో లెక్కలో సాలూరు అసెంబ్లీ, అరకు లోక్‌సభ స్థానాల ఓటర్లు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఒక మనిషి రెండు నియోజకవర్గాల జాబితాల్లో ఉండకూడదంటుంది. తప్పుడు ప్రకటన ఇచ్చి నమోదైతే ఏడాది దాకా జైలు ఉండవచ్చంటుంది. ఇక్కడ తప్పుడు ప్రకటన ఇచ్చిందెవరు? ‘మీరు మావాళ్లే’ అని ఇంటికొచ్చి పేరు రాసుకున్నవి రెండు ప్రభుత్వాలు. వేలి మీద సిరా ఆరకముందే రెండో బూత్ వాహనం వచ్చి ఆగితే నేరం వేలిదెలా అవుతుంది?

అయితే ఈ వివాదం ఇంకెన్నాళ్లో ఇలా సాగదని నా అనుమానం. కోర్టు తేల్చనిది, ముఖ్యమంత్రులు తేల్చనిది, సర్వర్ తేల్చేస్తోంది. ఆధార్‌లో చిరునామా ఒక్కటే ఉంటుంది. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పద్ధతి 2022కల్లా అన్ని రాష్ట్రాలకూ వచ్చింది. ఒకే వేలిముద్ర రెండుచోట్ల కనిపిస్తే యంత్రం ఒకటి కొట్టేస్తుంది. ఆంధ్రలో వృద్ధాప్య పింఛను 2024 జులై నుంచి నెలకు 4000. ఒడిశా మధుబాబు పింఛను మామూలు వృద్ధులకు 1000. ఇటు చూస్తే ఆంధ్రే లాభం. అటు 2024 సెప్టెంబరులో మొదలైన సుభద్ర పథకం కింద ఒడిశా మహిళలకు ఏడాదికి 10,000 వస్తుంది. అంటే ఒకే ఇంట్లో అత్తగారి ఆధార్ ఆంధ్ర చిరునామాతో, కోడలి ఆధార్ ఒడిశా చిరునామాతో ఉండటం తెలివైన లెక్క. ఇది ఊహ కాదు. ఆ అరుగు మీద కోడలే వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. రేపు జనాభా లెక్కలవాళ్లు వచ్చినప్పుడు ఆ గడప ఏ రాష్ట్రంలో ఉందని రాసుకుంటారో చూడాలి. సరిహద్దు ఇప్పటికే ఆ ఇంట్లో వంటింటికీ అరుగుకీ మధ్య పడింది. దాన్ని గీసింది రాజ్యాంగమూ కాదు, చరిత్రా కాదు, నెలవారీ ఖర్చు.

పిల్లల దగ్గర ఈ గీత మరీ లోతుగా దిగింది. ఆవిడ మనవళ్లిద్దరు. పెద్దవాడు ఆంధ్ర ఆశ్రమ పాఠశాలలో తెలుగు మీడియం, చిన్నవాడు ఒడిశా హాస్టలులో ఒడియా మీడియం. ఇద్దరూ సెలవులకు వచ్చి ఉన్నారు. ఇద్దరి పుస్తకాలూ అడిగి పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ గుండ్రని అక్షరాలే. తాటాకు మీద గంటం సాగే తీరును బట్టి వచ్చిన గుండ్రదనం రెండింటిదీ. కానీ అన్న రాసింది తమ్ముడు చదవలేడు, తమ్ముడు రాసింది అన్న చదవలేడు. మాట్లాడుకునేది మాత్రం ఇద్దరూ కువిలోనే. నాయనమ్మతో కువి, సంతలో దేశియా ఒడియా, బస్సెక్కితే తెలుగు. భాష ఎక్కడ వాడాలో వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

కువి మన తెలుగుకు దగ్గర చుట్టం. దక్షిణ మధ్య ద్రావిడ శాఖలో గోండి, కుయి, కొండ భాషలతో పాటు తెలుగు పక్కన కూర్చునే భాష. ఈ చుట్టరికం శాస్త్రంగా తేల్చినవాళ్లలో ముందు నిలిచే పేరు భద్రిరాజు కృష్ణమూర్తి గారిది. కొండదొరలు మాట్లాడే కొండ భాషకు ఆయన రాసిన వ్యాకరణం 1969లో అచ్చయింది. అంత దగ్గరి భాషను మన బడి ఏం చేసింది? 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టింది. కువి, కొండ, ఆదివాసీ ఒడియా అందులో ఉన్నాయి. ఒడిశా కూడా రెండు మూడేళ్లకే పది భాషల్లో అలాంటి పని చేపట్టింది. కువి అక్కడా ఉంది. రెండూ మంచి ప్రయత్నాలే. కాకపోతే ఇటు కువి వాచకం తెలుగు లిపిలో అచ్చయింది, అటు కువి వాచకం ఒడియా లిపిలో అచ్చయింది. రాష్ట్ర భాషల మధ్య గీత ఉంటే ఉండనీ. పిల్లవాడి సొంత భాష మధ్యలోంచే గీత గీయడం ఎవరి తెలివి? రెండు లిపుల్లోనూ ఒకే పేజీ మీద అచ్చయిన ఒక్క కువి వాచకం ఈ 21 ఊళ్ల బడులకు ఇవ్వడానికి సుప్రీంకోర్టు అక్కర్లేదు, పార్లమెంటు అక్కర్లేదు. ఇద్దరు జిల్లా విద్యాధికారులు ఒక మధ్యాహ్నం కూర్చుంటే చాలు.

గుర్తింపు కూడా గీత దాటితే మారిపోతుంది. గుతోబ్ గదబలు, పరెంగి పొరజలు ఆంధ్రప్రదేశ్ జాబితాలో ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన తెగలు. ఒడిశా గుర్తించిన 13 తెగల్లో వాళ్లు లేరు. 2023 నవంబరులో కేంద్రం తెచ్చిన పీఎం జన్‌మన్ పథకం ఇల్లు, రోడ్డు, నీళ్లు ఇచ్చేది ఆ జాబితాల్లో ఉన్నవాళ్లకే. అంటే కొండకు ఇటు బలహీనుడైన గదబ, అటు దిగేసరికి బలవంతుడైపోతాడు!

నేల సంగతి దగ్గర ఇది వింత దాటి ప్రమాదమవుతుంది. ఆంధ్రలో గిరిజన భూమికి కాపలా 1/70 చట్టం. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. ప్రభుత్వం కూడా ఆ చట్టం దృష్టిలో గిరిజనేతరుడే కనుక ప్రైవేటు కంపెనీలకు గనుల లీజు ఇవ్వకూడదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అనంతగిరి మండలపు గిరిజనుల పోరాటంలోంచి వచ్చిన తీర్పది. ఒడిశాలో చట్టం వేరు, 1956 నాటి రెండో నిబంధన. గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి పోకుండా 2002లో దాన్ని గట్టి చేశారు కానీ 1/70 అంత దూరం అది పోదు. సమత తీర్పు ఆంధ్ర చట్టం మీద ఆధారపడింది కనుక అటు దానంతటదే పనిచేయదు. ఇక కొరాపుట్ కొండలంటే బాక్సైట్. దామన్‌జోడి దగ్గర పంచపట్మలి కొండను నాల్కో నాలుగు దశాబ్దాలుగా తవ్వుతోంది. పొట్టంగి నిక్షేపాలూ ఆ సంస్థకే కేటాయించారు. కొటియా కొండల కిందా ఖనిజాలున్నాయన్న మాట రెండువైపులా వినిపిస్తుంది. ఒక వేడి వార్త వచ్చినప్పుడల్లా ‘మన అక్కాచెల్లెళ్లు, మన అన్నదమ్ములు’ అంటూ ఉపన్యాసమిచ్చే నాయకులు ఈ ఊరు ఏ భూమి చట్టం కింద ఉంటే ఆ అన్నదమ్ములకు మేలో ఒక్కసారీ చెప్పగా నేను వినలేదు.

అటవీ హక్కుల చట్టం వచ్చి కూడా 2006 నుంచి లెక్కపెడితే చాలా ఏళ్లయింది. పట్టా ఇవ్వాలంటే ముందు గ్రామసభ తీర్మానం, తరవాత డివిజన్ కమిటీ, ఆ తరవాత జిల్లా కమిటీ. ఏ జిల్లా? ఒక జిల్లా ఇచ్చిన పట్టాను ఎదుటి రాష్ట్ర అటవీ శాఖ ఎందుకు ఒప్పుకోవాలి? తన లెక్కలో అది తన అడవి. పట్టా పట్టుకుని నిలబడ్డ రైతు ముందే మొక్కలు నాటి కంచె వేసినా, చట్టం ప్రకారమే చేశామంటుంది. రేకుపెట్టెలో నేల కాగితం లేకపోవడానికి కారణం ఇదే. వస్తే రెండు కాగితాలొస్తాయి, రెండూ సగం విలువవే.

ఏం చేయాలన్నదానికి మనకు దూరపు ఉదాహరణలు కూడా అక్కర్లేదు. 2013లో నియమగిరిని తవ్వాలా వద్దా అన్న ప్రశ్నను సుప్రీంకోర్టు పల్లెసభలకే వదిలేసింది. 12 పల్లెసభలు వద్దన్నాయి, గని రాలేదు. అక్కడి డొంగ్రియా కోదులు మాట్లాడేది కూడా కువే. 2015 ఆగస్టులో భారత్, బంగ్లాదేశ్‌లు కూచ్‌బెహార్ చుట్టూ చిక్కుపడ్డ 162 భూభాగపు ముక్కలను మార్చుకున్నాయి. ఏ దేశ పౌరులుగా ఉంటారో అక్కడివాళ్లనే అడిగి తేల్చాయి. రెండు దేశాలకు సాధ్యమైంది, ఒకే కేంద్రం కింద ఉన్న రెండు రాష్ట్రాలకు, అందులోనూ రెండుచోట్లా కేంద్రంలోని కూటమే ప్రభుత్వంలో ఉన్న ఈ రోజుల్లో, సాధ్యం కాదంటే నమ్మాలా? తెలంగాణ, మహారాష్ట్రల మధ్య కెరమెరి, జివతి ఊళ్లదీ ఇదే పాట. అక్కడా రెండేసి కార్డులు, ఇద్దరేసి సర్పంచులు.

ఊరు ఎవరిదో తేలేదాకా ఆగమనడం ఇంకో 38 ఏళ్లు ఆగమనడమే. అడగాల్సిన వరస తిప్పాలి. ముందు ఇద్దరు కలెక్టర్లూ కలిసి సంతకం పెట్టిన ఉమ్మడి సర్వే, దాని మీద ఉమ్మడి పట్టా. హద్దు రేపు ఎటు జరిగినా రద్దు కాదని అందులో ఒక వాక్యం. గదబకు ఎటు ఎక్కువ రక్షణ ఉంటే అదే వర్తిస్తుందని ఇంకో వాక్యం. ఆ తరవాత పల్లెసభలను అడగండి, ఎటు ఉంటారని. అంతవరకు సర్వర్ ఒక కార్డు కొట్టేసే ముందు ఏ కార్డు ఉంచుకోవాలో ఆ ఇంటినే అడగండి. ఇందులో ఏ రాష్ట్రానికీ పరువు తక్కువ కాదు. తక్కువయ్యేది ఉపన్యాసాలకు సరుకొక్కటే.

నేను వెళ్లింది ఫాల్గుణం చివర. ఊళ్లో దిసారి చైత్ర పండగకు రోజు కట్టేశాడు. రెండువైపులా ఆ మనిషిని పిలిచే పేరు దిసారే. విత్తనం చల్లడానికైనా వేటకు కదలడానికైనా మంచి రోజు చెప్పేది ఆయనే. ఆయన పంచాంగంలో రాష్ట్రాల కాలమ్ లేదు. ఇటు ఊళ్లలో ఆ చైత్ర పండగను ఇటికల పండగ అంటారు, అటు చైత పరబ్ అంటారు. మగవాళ్లు వేటకు కొండెక్కుతారు, ఆడవాళ్లు చేయి చేయి పట్టి థింసా కడతారు, కొండ దాటి చుట్టాలొస్తారు. మనవళ్లిద్దరికీ పండగకు మళ్లీ సెలవు కావాలి. నేను లేచేటప్పటికి అరుగు మీద ఇద్దరూ ఎదురెదురుగా బోర్లాపడుకుని సెలవు చీటీలు రాస్తున్నారు. అన్న తెలుగులో హెడ్మాస్టరు గారికి ‘ఇటికల పండగ’ అని రాశాడు. తమ్ముడు ఒడియాలో ఏదో రాశాడు. ఏం రాశావని అడిగితే, “చైత పరబ్‌కి అయిదు రోజులు” అన్నాడు. అన్న తన కాగితం వంక చూసుకున్నాడు. అతను మూడు రోజులే అడిగాడు. రబ్బరు తీసుకుని చెరిపి, అయిదు చేశాడు.